మామగారి కాలు కొలవని అల్లుడు

సైకిలు కొనడానికి వచ్చేవాళ్లలో సగంమంది ముందు రంగు చూస్తారు. మిగతా సగం ఫోను తీసి, ఎవడో పోటీల వీరుడు నేలకు సమానంగా వాలి గాలిని చీల్చుకుంటూ పోతున్న బొమ్మ చూపించి, "ఇదిగో, ఇలాంటిదే కావాలి" అంటారు. ఆ వీరుడి వయసు పాతిక. వెన్ను రబ్బరు. పొట్ట అనే పదార్థం ఒంట్లో ఎక్కడా లేదు. ఫోను పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషికి ఈ మూడూ తలకిందులు. అయినా కోరిక కోరికే కదా, దానికి అద్దంలో చూసుకునే అలవాటు ఎక్కడిది!

అందుకే ఆ షాపులో ఒక పద్ధతి పెట్టుకున్నాడు దాని యజమాని. అందరూ అతన్ని మాస్టారు అనేవారు. పాఠం చెప్పకుండా సైకిలు అమ్మడని ఆ పేరు. "చొక్కా కొనుక్కుని, దానికి సరిపోయేలా పొట్ట కోయించుకుంటారా ఎవరైనా? సైకిలు తర్వాత సంగతి, ముందు మీ సంగతి చూద్దాం రండి" అని వచ్చినవాణ్ణి లోపలి గదిలోకి లాక్కుపోయేవాడు. అక్కడ చక్రాలు లేని ఇనప సైకిలు ఒకటి నేలకు బిగించి ఉండేది. దాని సీటూ హ్యాండిలూ ఎటు కావాలంటే అటు జరుగుతాయి. మనిషిని దానిమీద కూర్చోబెట్టి, చెమట పట్టేదాకా తొక్కించి, ఇక్కడ వేలెడు పెంచి, అక్కడ గోరంత దించి, ఆ ఒంటికి ఏ వాలు సుఖమో తేల్చేవాడు. ఆ వాలుకు అతికే సైకిలేదో ఆ తర్వాతే చెప్పేవాడు.

ట్రయథ్లాన్ వాళ్ల విషయంలో మరీ పట్టుబట్టేవాడు. ఎందుకంటే వాళ్లది మామూలు తొక్కుడు కాదు. ముందు ఈదాలి, తడి ఒంటితో సైకిలెక్కాలి, మోచేతులు రెండు మెత్తలమీద ఆనించి, ముందుకు పొడుచుకొచ్చిన రెండు కొమ్ములు పట్టుకుని అలా వంగే ఉండాలి, దిగాక మళ్లీ పరుగెత్తాలి. సరిగ్గా వంగితే గాలి దారి ఇస్తుంది. ఒంటికి మించి వంగితే మెడా, నడుమూ, మోకాలూ మూడూ ఏకమై పగ తీర్చుకుంటాయి. "వంగుతానని మీరంటున్నారు. మీ వెన్నునడిగారా?" అనేవాడు మాస్టారు మొహంమీదే. దురుసు మాటే. కానీ నెల తిరక్కుండా ఆ వెన్నే వచ్చి దండం పెట్టేది కాబట్టి ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

ఇంత నోరున్న మనిషికి తన మామగారి ముందు మాత్రం నాలుక పిడచగట్టుకుపోయేది.

మామగారు లిఫ్టుల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమున్నన్నాళ్లూ టార్చిలైటు పట్టుకుని లిఫ్టు గోతుల్లోకి దిగి, తాళ్లు తడిమి, బోల్టులు తట్టి, ఆయన సంతకం పెడితేగాని ఏ లిఫ్టూ మనుషుల్ని మోయకూడదు. వెంట్రుకవాసి వంకరున్నా ఆయన కంటికి దొరికిపోతుంది. అలాంటాయన, ఒక యంత్రాల కంపెనీలో ఇంజనీరుగా ఉన్నవాణ్ణి చూసి, నలుగుర్నీ వాకబు చేసి, పిల్లనిచ్చారు. పెళ్లయిన రెండేళ్లకి ఆ ఇంజనీరు ఉద్యోగానికి నీళ్లొదిలి సైకిళ్ల షాపు తెరిచాడు. ఆ సంగతి విన్నప్పుడు మామగారు "అవునా" అన్నారు. అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు.

ఆ 'అవునా' తర్వాత కూడా ఆయన కూతురింటికి వచ్చేవారు. మనవరాలిని భుజాన వేసుకు తిప్పేవారు. అల్లుడితో ఎండల గురించీ వానల గురించీ మాట్లాడేవారు. "అల్లుడుగారూ, మీరు" అని ఎంతో మన్ననగా పిలిచేవారు. షాపు గడప మాత్రం తొక్కలేదు. అదే వీధిలో రెండు దుకాణాల అవతలున్న బేకరీకి వచ్చి, రొట్టె కొనుక్కుని, ఎదురు ఫుట్‌పాత్ మీదుగా వెళ్లిపోయేవారు. మాస్టారు గాజు తలుపులోంచి చూస్తూ ఉండిపోయేవాడు. బాధగా ఉండేది, చాలా బాధగా ఉండేది. తిట్టేవాణ్ణి బతిమాలుకోవచ్చు, అలిగినవాణ్ణి బుజ్జగించవచ్చు. మర్యాదగా ఉండేవాణ్ణి ఏం చేస్తాం? పట్టుకోవడానికి పిలక కూడా దొరకదు.

అలాంటిది ఒకరోజు భార్య వచ్చి, "రేపు నాన్న షాపుకి వస్తారట" అంది.

"బేకరీకా?"

"నీ షాపుకేనయ్యా బాబూ. సైకిలు కొంటారట."

సంగతేమిటంటే, మామగారు రోజూ పొద్దున్నే ఈతకొలనుకు వెళతారు. అక్కడ ఆయన ఈడువాళ్ల జట్టు ఒకటి తయారైంది. క్రితంసారి అంతా కలిసి పెద్దల ట్రయథ్లాన్‌కి వెళ్లారు. నీళ్లలోంచి అందరికన్నా ముందు తేలింది మామగారే. తీరా పక్కింటివాళ్ల సైకిలు అరువు తెచ్చుకుని ఎక్కేసరికి, ఒక్కొక్కరే దాటిపోయి, ఆఖరికి జట్టులోని పళ్ల డాక్టరు కూడా చెయ్యూపుతూ దాటిపోయాడట. అప్పట్నుంచి కొలను దగ్గర ఆయన్ని 'ఈత పులి, సైకిలు పిల్లి' అంటున్నారు. పులి అన్న సగం ఆయనకు వినపడ్డం మానేసింది.

"ఇదిగో చూడు," అంది భార్య వేలు చూపిస్తూ, "నీ నోరు జాగ్రత్త. అందరితో అన్నట్టు 'మీ పొట్ట అడ్డం, మీ నడుము వంగదు' అని మా నాన్నతో అన్నావంటే, ఈ జన్మలో మళ్లీ రారు. ఇప్పటికైనా వస్తున్నారు, చాలు."

"నేనెందుకంటాను?" అన్నాడు మాస్టారు. అనలేదు కూడా. అసలు గొడవంతా అక్కడే వచ్చింది.

భయం మర్నాటిది కాదు, ఆ సాయంత్రమే మొదలైంది. కాలి పొడవు కొలవాలంటే మనిషిని గోడకానించి నిలబెట్టి, కాళ్లమధ్య అట్ట పెట్టి, ఎముక తగిలేదాకా పైకి నెట్టి, అక్కణ్ణుంచి నేలదాకా టేపు పట్టాలి. ఆ పని జడ్జీలకూ చేశాడు, పోలీసులకూ చేశాడు. వాళ్లకీ సిగ్గు లేదు, తనకీ లేదు. కానీ పిల్లనిచ్చిన మామగారికి! ఆయన కాళ్లమధ్య అట్ట పెట్టి ఎముక తగిలిందా అండీ అని అడగడమా! ఊహకే చెవులు వేడెక్కాయి. ఆలోచించి ఆలోచించి, "మీ నాన్న ప్యాంటు ఒకటి పట్రాగలవా?" అన్నాడు భార్యతో. ఎందుకో విని ఆమె నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. నవ్వుతూనే వెళ్లి, తల్లికి ఏదో చెప్పి, గీతల ప్యాంటు ఒకటి సంచిలో పెట్టుకొచ్చింది. మాస్టారు దాని లోపలి కుట్టుకి టేపు పట్టి, కాలి పొడవు ఇంత అని తేల్చేశాడు. ఇంజనీరు బుర్ర కదా!

మర్నాడు మామగారు ఇస్త్రీ చొక్కా, వదులు ట్రాకు ప్యాంటూ వేసుకొచ్చారు. షాపంతా తిరిగి చూశారు. గోడకు వేలాడే చక్రాలు చూసి "బాగుంది" అన్నారు. పనిముట్ల వరస చూసి "బాగుంది" అన్నారు. కాఫీ తాగి "బాగుంది అల్లుడుగారూ" అన్నారు. జీవితమంతా బాగులేనివి వెతికి పట్టుకున్న మనిషి నోట ఇన్ని బాగుందులా! అల్లుడి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అప్పుడాయన ఒక నల్ల సైకిలు ముందు ఆగారు. షాపులో ఉన్నవాటన్నిట్లో దాని ముందుభాగమే కింద. దానిమీద కూర్చుంటే గడ్డం ముందు చక్రానికి తగులుతుందేమో అన్నట్టుంటుంది. "పళ్ల డాక్టరుది ఇలాంటిదే," అన్నారు మెల్లిగా. "ఇది నాకు పనికొస్తుందా?"

ఇంకెవరైనా అయితే "పళ్ల డాక్టరు పళ్లు పీకుతాడు, మీరూ పీకుతారా?" అనేవాడు మాస్టారు. ఆ రోజు "కూర్చుని చూద్దాం మామయ్యగారూ" అన్నాడు.

ఇనప సైకిలెక్కించాడు. సీటు ముందే ప్యాంటు లెక్కన బిగించి ఉంచాడు. బిగుతు నిక్కరు వేసుకుంటే మోకాలు ఎంత వంగుతోందో తెలుస్తుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది, వెనక్కి మింగాడు. నడుం మీద చెయ్యేసి ముందుకు వాల్చాలి. చెయ్యి చాచి, జానెడు దూరంలో గాల్లో ఉంచి, "కాస్త ఇలా మామయ్యగారూ" అన్నాడు. ఆయన ఎలాగో అలా వంగారు.

"ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది."

ఇంకొంచెం దించాడు. "ఇప్పుడు?"

"బ్రహ్మాండం."

నల్ల సైకిలెంత కిందికి ఉంటుందో అంతకీ దించాడు. ఇక్కడైనా ఆయ్ ఊయ్ అంటారని చూశాడు. వచ్చేవాళ్లంతా అంటారు. మెడ అంటారు, భుజమంటారు, సీటు గుచ్చుతోందంటారు. మాస్టారి విద్యంతా ఆ ఆయ్ ఊయ్‌లలోంచి పుట్టిందే. మామగారు ఆ వాలులో, మొహం ఎర్రబడి, చిరునవ్వుతో తొక్కుతున్నారు. గడ్డం మీంచి చెమటచుక్క ఒకటి నేలమీద పడింది. అంతే, అల్లుడు తువ్వాలు పట్టుకుని పరుగెత్తాడు. "చాలు చాలు, దిగండి మామయ్యగారూ." మామూలుగా అయితే అప్పుడే మొదలయ్యేది అసలు పరీక్ష. చెమట పట్టాకే గదా ఒళ్లు నిజం చెప్పేది.

నల్ల సైకిలు అమ్ముడైపోయింది. వెళ్లబోతూ మామగారు గుమ్మంలో ఆగి, "మీ పని బాగుందండీ" అన్నారు. ఆ ఒక్క మాట మాస్టారు ఇంటికెళ్లి భార్యకు చెప్పాడు, అన్నం తింటూ మళ్లీ చెప్పాడు, చెయ్యి కడుక్కుంటూ ఇంకోసారి చెప్పాడు. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాట. అది విన్న సంతోషంలో, ఆయన సైకిలు దిగాక గోడ పట్టుకుని నిలబడ్డ సంగతి గుర్తుపెట్టుకోలేదు.

కొన్ని వారాలు గడిచాయి. ఓ ఆదివారం పుట్టింటికి వెళ్లొచ్చిన భార్య చెప్పులు విప్పుతూ, "నాన్న లిఫ్టెక్కారు" అంది.

"ఎక్కితే?"

"ఎక్కితే ఏమిటి? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూస్తున్నా, మా నాన్న సొంత బిల్డింగులో మెట్లే ఎక్కుతారు. ఎందుకని అడిగితే, లిఫ్టు లోపలేముందో నాకు తెలుసే అంటారు. అలాంటిది ఇవాళ లిఫ్టెక్కారు. పైగా నన్ను చూసి, రొట్టెల సంచి బరువుగా ఉందన్నారు. సంచిలో ఒక్కటే రొట్టె!"

ఆ వారంలోనే అత్తగారు ఫోను చేశారు. "మీ ఆయనకి చెప్పకే," అని మొదలుపెట్టి కూతురికి అంతా చెప్పారు. మామగారు దుప్పటి కింద వేడినీళ్ల సంచి పెట్టుకుంటున్నారట. మోకాలి తైలం వాసన రాకుండా పైన పౌడరు జల్లుకుంటున్నారట. అడిగితే "అల్లుడి చెవిన పడిందంటే ఊరుకోను" అన్నారట. చెప్పకన్నారు గనక కూతురు ఫోను పెట్టెయ్యగానే మొగుడికి చెప్పింది.

మాస్టారి మొహం తెల్లబోయింది. "బ్రహ్మాండంగా ఉందన్నారే! పదిసార్లు అడిగాను!"

భార్యది కళ్లజోళ్ల షాపులో చూపు పరీక్షించే పని. ఆమె తల పట్టుకుంది. "నా దగ్గరికొచ్చేవాళ్లూ అంతే. కనపడని అక్షరం కూడా కనపడిందంటారు, తప్పు చెబితే ఫెయిల్ చేస్తాననుకుంటారు. అందుకే నేను నోటిని నమ్మను. నువ్వు నమ్మావా? మా నాన్న నోటిని!" గొంతు తగ్గించి అంది. "ఆ కాలికేమైనా అయితే, నువ్వు పెట్టిన సైకిలు వల్లేనని ఎవరూ అనరు. ఆయన అసలు అనరు. అదే నాకు భయం."

అతనికీ అదే భయం. ఆయన మోకాలు పోతుంది, పోటీ పోతుంది, కొలను దగ్గర పిల్లి అన్న పేరు ఖాయమవుతుంది. అన్నీ పోయాక కూడా ఆయన వచ్చి, "బాగుంది అల్లుడుగారూ" అనే అంటారు. చచ్చేదాకా అలాగే అంటారు.

మర్నాడు తెల్లవారగానే స్కూటరు తీసుకుని వంతెన అవతలి పొడవాటి రోడ్డుకు వెళ్లాడు. తొక్కేవాళ్లంతా సాధన చేసేది అక్కడే. దూరంనుంచే కనిపించింది నల్ల సైకిలు. దానిమీద మామగారు నిటారుగా కూర్చుని, ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, రెండో చేత్తో మోకాలు రాసుకుంటూ, నెమ్మదిగా, పాము నడకలో వస్తున్నారు. కొమ్ముల జోలికే పోలేదు. స్కూటరు ఇంకాస్త దగ్గరికి వచ్చింది. ఆయన కళ్లు చిట్లించి చూశారు. అల్లుణ్ణి గుర్తుపట్టారు.

గుర్తుపట్టగానే ఆయన చేసిన పని చూడండి. గబగబా ముందుకు వాలి, మోచేతులు మెత్తలమీద పెట్టి, కొమ్ములు పట్టుకుని, అల్లుడు నేర్పిన భంగిమలోకి దిగిపోయారు. నవ్వు కూడా పెట్టుకున్నారు.

మాస్టారు బండి ఆపేసి రోడ్డుమీద నిలబడిపోయాడు. పిల్లాడు తెలిసీ తెలియక వేసిన పిచ్చిబొమ్మని, పిల్లాడి ముందు మెచ్చుకునే పెద్దవాళ్లుంటారే, అలా ఉంది ఆ నవ్వు. తన పనిని ఆయన ఒంటితో మోస్తున్నారు, విరిగేదాకా మోస్తారు.

ఆయన ఆపబోయారు గాని, బూటు పెడల్‌కి తగిలించి ఉంటుంది, మడమ పక్కకు తిప్పితేగాని ఊడి రాదు. మడమ తిరగాలంటే మోకాలు తిరగాలి. అది తిరగనంది. సైకిలు రోడ్డు పక్క పిట్టగోడమీదికి ఒరిగింది. ఆయన గోడను పట్టుకుని, "ఏం లేదు, ఏం లేదు" అంటున్నారు. మాస్టారు పరుగెత్తి, ఆయన్ని నడుం చుట్టూ రెండు చేతులా పట్టేసుకున్నాడు. బరువంతా తన భుజంమీదికి తీసుకుని, కింద కూర్చుని, మడమ పట్టుకుని మెల్లిగా తిప్పి బూటు విడిపించాడు. పౌడరు వాసన, దానికింద తైలం వాసన. ఇన్నేళ్లలో ఆయన్ని ముట్టుకోవడం అదే మొదలు.

గోడమీద కూర్చోబెట్టాక అడిగాడు. "మోకాలు ఎప్పట్నుంచి?"

"ఏ మోకాలు?"

"మామయ్యగారూ!"

ఆయన బూటు వంక చూస్తూ, "మొదటివారం నించి" అన్నారు.

"మరి చెప్పొచ్చుగదండీ!"

"ఎలా చెప్పమంటారు? ఇన్నాళ్లకి మీ షాపుకొచ్చాను. వచ్చి వంకలు పెడితే ఏం బాగుంటుంది? అమ్మాయి ముందే ఒట్టు వేయించుకుంది. నాన్నా, అక్కడికెళ్లి లిఫ్టు చూసినట్టు చూడకు, ఏదైనా సరే బాగుందను, అంది."

"నాకూ చెప్పింది. నోరు జాగ్రత్త అని."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకొక సామెత ఉంది. మామా అల్లుళ్లిద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది గాని, ఒకరి ముందు ఒకరు అనుకునే సామెత కాదది.

"అసలు తప్పు నాది," అన్నాడు మాస్టారు. "నేను మీ కాలు కొలవలేదు."

"కొలవకుండా సీటెలా పెట్టారు?"

"మీ ప్యాంటు కొలిచాను. గీతల ప్యాంటు."

మామగారు చప్పున తలెత్తారు. "అది మీ దగ్గరుందా! ఇస్త్రీవాడు పోగొట్టాడని వాణ్ణి నానా మాటలూ అన్నాను. మీ అత్తయ్య ఒక్క ముక్క చెప్పలేదే!"

షాపు ఇంకా తెరిచే వేళ కాలేదు. సగం ఎత్తిన షట్టరు కిందనించి ఇద్దరూ లోపలికి వెళ్లారు. మాస్టారు మామగారికి బిగుతు నిక్కరొకటి చేతికిచ్చి, "మార్చుకు రండి" అన్నాడు. ఆయన దాన్ని పైకెత్తి, వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మీ అత్తయ్య చూడకూడదు సుమా" అని లోపలికెళ్లి వేసుకొచ్చారు. గోడకానుకుని నిలబడ్డారు. అట్ట తెచ్చాడు. ఇద్దరూ పైకప్పు వంక చూశారు. అట్ట పైకి వెళ్లింది.

"తగిలిందా అండీ?"

"తగిలింది బాబూ, తగిలింది!"

కాలు ప్యాంటు కుట్టుకన్నా రెండు వేళ్లు పొడవు తేలింది. ఎందుకు తేలదు? పొట్ట వచ్చినప్పట్నుంచి ఆయన బెల్టు పొట్ట కిందికి కడతారు. దర్జీ ఆ జారుడు లెక్కపెట్టే కుడతాడు. కుట్టు చెప్పేది ప్యాంటు ఎక్కడ వేలాడుతోందో, కాలు ఎక్కడ మొదలైందో కాదు. ఆ లెక్కన సీటు రెండు వేళ్లు కిందికి ఉండిపోయింది. తొక్కిన ప్రతిసారీ మోకాలు అవసరానికి మించి మడత పడింది. ఎవరైనా కుర్రాడు ఈ తప్పు చేసుంటే మాస్టారు చెవి మెలేసేవాడు. తన చెవి తను మెలేసుకోలేక సిగ్గుతో నిలబడ్డాడు.

"ఇంకో మాట కూడా చెప్పేస్తాను," అన్నాడు. "ఆ నల్లది మీది కాదు. సీటు పైకి జరిపితే సరిపోదు. దాని ముందుభాగం మీ వెన్నుకి మరీ కింద. ఎత్తడానికి వీల్లేని సైకిలది. మీరు దాని ముందు ఆగిన నిమిషంలోనే నాకు తెలుసు. అప్పుడే చెప్పాల్సింది."

మామగారి మొహం వాడిపోయింది. నల్లదంటే ఆయనకు మనసు. అయినా వెళ్లి ఇనప సైకిలెక్కారు.

ఈసారి మాస్టారు చెయ్యి గాల్లో ఆగలేదు. నడుంమీద అరచెయ్యి ఆనించి, "ఇక్కణ్ణించి వాలండి, భుజాల్నించి కాదు" అని నొక్కాడు. "తొక్కండి. తొక్కుతూ చెప్పండి. ఎక్కడుంది నొప్పి?"

"ఎక్కడా లేదు."

"తాడు తెగిపోయేలా ఉంటే, బాగుందని సంతకం పెట్టేవారా మీరు?"

పెడళ్లు నాలుగు చుట్లు తిరిగాయి. ఆయన గొంతు సవరించుకున్నారు. "మోకాలు."

సీటు పెంచాడు. "ఇంకా?"

"మెడ. తల ఎత్తితే తాబేలులా ఉంటోంది."

ముందుభాగం ఎత్తాడు. మెత్తలు దగ్గరికి జరిపాడు. "ఇంకా?"

"చిటికెన వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ఆఁ, ఇప్పుడు కాస్త నయం. సీటుంది చూశావూ, అది దుర్మార్గపు సీటు."

"ఎక్కడ నొక్కుతోంది?"

"అల్లుడికి చెప్పుకునే చోటైతే చెప్పకపోదునా!"

మాస్టారికి నవ్వాగలేదు. మామగారికీ ఆగలేదు. తొక్కుతూనే ఒళ్లంతా ఊగేలా నవ్వారు. సీటు మార్చాడు, కొస కాస్త కిందికి వంచాడు. ఒకదాని వెంట ఒకటి ఆయన వంకలు పెడుతూనే ఉన్నారు. పెట్టినకొద్దీ వెన్ను చదునైంది, ఊపిరి కుదురుకుంది, మోకాలు గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. చెమట ధారగా కారుతోంది. ఈసారి తువ్వాలు ఎవరూ తేలేదు. నల్ల సైకిలుకన్నా ఎంతో ఎత్తయిన వాలు అది. అయినా ఆ ఒంటికి గాలి అక్కడే దారిస్తుంది.

"ఈ వాలుకి అతికేది ఆ మూలనున్న బూడిదరంగుది," అన్నాడు మాస్టారు.

"అదా!" అన్నారు మామగారు తల తిప్పి. "పాలవాడి సైకిల్లా ఉంది. చూడ్డానికి దరిద్రంగా ఉందయ్యా."

ఆ మాట ఎంత హాయిగా వినపడిందో మాస్టారికే తెలుసు. "అదే ఎక్కాలి మీరు. ఇంకా?"

మామగారు కొమ్ముల మధ్యనించి నేలను చూస్తూ తొక్కుతున్నారు. తర్వాత, "ఇంకోటుంది" అన్నారు.

"చెప్పండి."

"నువ్వు ఉద్యోగం మానేసిన సంగతి నాకు అమ్మాయి చెప్పింది. అప్పటికే షాపు తీసుకున్నావు, బోర్డు రాయించావు, సామాను కూడా దింపించావు. అంతా అయ్యాక చెప్పించావు, చుట్టానికి కబురు పంపినట్టు. సరేనని చుట్టంలానే ఉంటున్నాను." ఆయన ఊపిరి తీసుకున్నారు. "అది నొప్పి. అప్పట్నించీ నొప్పే."

మాస్టారి చేతిలో రెంచి ఆగిపోయింది. ఆయన 'మీరు' మాని 'నువ్వు'లోకి ఎప్పుడు దిగారో కూడా అప్పుడే తెలిసింది. ఏదైనా కథ అల్లి చెప్పవచ్చు, నోరున్నవాడే. అల్లబుద్ధి కాలేదు.

"భయమేసి చెప్పలేదు మామయ్యా," అన్నాడు.

"ఏమని భయం? తిడతాననా? తిట్టేవాణ్ణే. ఎందుకు తిట్టను? నాలుగు రోజులు తిట్టి, అయిదోరోజు వచ్చి ఈ షట్టరు ఎవడు బిగించాడో చూసి వాణ్ణీ తిట్టేవాణ్ణి."

"తిట్టడం గురించి కాదు. మీరు వద్దంటే మానేసేవాణ్ణి. మీ మాట దాటగలనన్న ధైర్యం నాకు లేదు. అందుకే మీ నోట ఆ మాట రాకుండా చూసుకున్నాను."

మామగారు తొక్కడం ఆపేశారు. మెత్తలమీంచి మోచేతులు తీసి, మెల్లిగా లేచి కూర్చున్నారు. చొక్కా చెయ్యితో కళ్లు తుడుచుకున్నారు, చెమటకో మరి దేనికో. లోపలి గది గుమ్మంలోంచి షాపంతా కనిపిస్తోంది. చక్రాలు, గొలుసులు, వరసగా నిలబెట్టిన సైకిళ్లు, కొలతలిచ్చి వెళ్లినవాళ్ల ఫోటోలు. ఆయన వాటినన్నిటినీ ఒక్కొక్కటిగా చూశారు, గోతిలో దిగి తాళ్లు చూసినంత నిదానంగా.

"నిజంగా మానేసేవాడివా?"

"మానేసేవాణ్ణి."

"అయితే చెప్పకపోవడమే మంచిదైంది," అన్నారు మామగారు. "నొప్పి మాత్రం నొప్పే."

"అవును మామయ్యా" అన్నాడు అల్లుడు. కళ్లనీళ్లు తుడుచుకోకుండానే కింద కూర్చుని సీటు బోల్టు బిగించాడు.